మాయమైన ఎనిమిది జీబీ

రావులపాలెం అరటి మార్కెట్‌లో వేలంపాట జోరుగా సాగుతోంది. లారీల మధ్య, గెలల గుట్టల మధ్య జనం కిక్కిరిసి ఉన్నారు. టీ బడ్డీ పక్కన నిలబడిన శారోన్ చేతిలో ఒక వారపత్రిక ఉంది. దాన్ని ఆమె తలకిందులుగా పట్టుకుంది.

అదే గుర్తు.

గణపతి ఆ గుర్తును దూరం నుంచే పోల్చుకున్నాడు. గ్యాస్ కంపెనీ కంట్రోల్ రూమ్‌లో కంప్యూటర్ ఆపరేటర్ అతను. రాత్రంతా నిద్రలేని మొహం. ఆమె వైపు నాలుగడుగులు వేశాడో లేదో గుంపు ఒక్కసారి తోసుకుంది. ఎవరిదో నల్ల గొడుగు కొన అతని పిక్కకు గుచ్చుకుంది. "అబ్బా!" అని వంగి రుద్దుకుని మళ్లీ నడిచాడు. శారోన్ దగ్గరకి వచ్చేసరికి అతని పెదాలు నీలంగా మారిపోయాయి.

"మేడమ్... నలభై కాదండి..." నాలుక మడత పడుతోంది. "ముప్పై రెండే... కనబడేది ముప్పై రెండేనండి..."

అంతే. చక్కెరకేళీ గెలల మీదకి వెల్లకిలా పడిపోయాడు.

"వడదెబ్బండీ! నీళ్లు, నీళ్లు!" అని ఎవరో అరిచారు. అది మే నెల. అందరూ నమ్మారు. శారోన్ నల్ల గొడుగు కోసం చూసింది. ఎండ మండుతోంది. మార్కెట్ నిండా నల్ల గొడుగులే.

ఆగకూడదు. ఆగితే తన మొహం కూడా ఎవరికో గుర్తుండిపోతుంది. పత్రిక మడిచి సంచిలో పెట్టుకుని గుంపులోంచి బయటికి నడిచింది. తన్ను నమ్మి వచ్చిన మనిషిని అలా పళ్ల మీద వదిలేసి వెళ్లడం ఆమె ఉద్యోగంలో భాగం. ఆ భాగం ఆమెకి ఎన్నడూ అలవాటు కాలేదు.

*

గోదావరి వంతెన దగ్గర ఆగి ఉన్న అంబాసిడర్ కారులో నిఘా డిపార్ట్‌మెంట్ చీఫ్ మాణిక్యాలరావు వేరుశనగలు ఒలుచుకుంటున్నాడు.

"పోయాడా?"

"పోయాడు సార్."

"ఏమన్నా చెప్పాడా?"

"నలభై కాదు, ముప్పై రెండే అన్నాడు. అర్థం కాలేదు."

చీఫ్ పొట్టు కిటికీలోంచి పారేశాడు. "విను. అమ్మేశాక భయపడి మన దగ్గరకి వచ్చాడు కానీ, గణపతి అమ్మింది ఉత్త మ్యాపులు కాదు. ఈ లంకల కింద ఉన్న ప్రతి గ్యాస్ పైపు, ప్రతి వాల్వు, వాటి పాస్‌వర్డ్‌లు, ప్రెషర్ పెరిగితే సైరన్ మోగకుండా చేసే పద్ధతి. ఎక్కడో కూర్చుని ఒక మీట నొక్కి ఊళ్లకి ఊళ్లు కాల్చెయ్యొచ్చు. అదంతా ఒక కొత్త హార్డ్ డిస్క్‌లో ఎక్కించి అమలాపురంలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పెట్టాడు. కొనేవాడు హ్యూగో. విదేశీ ముఠా మనిషి. చేనేత చీరలు కొనే వ్యాపారిలా తిరుగుతున్నాడు."

"మరి డిస్క్ హ్యూగోకి అందలేదా?"

"అక్కడే తమాషా. కౌంటర్లో కుర్రాడు అది వారంటీ స్టాకు అనుకుని, ఎవడో కస్టమర్ ఇంట్లో పాడైన డిస్క్ తీసేసి దీన్ని బిగించొచ్చాడు. ఆ సెంటర్ నడిపే సువర్ణ మన మనిషే. కస్టమర్ ఎవరో ఆమె చెబుతుంది. నువ్వు సర్వీస్ ఇంజినీర్‌వి. డిస్క్ తీసుకురా. ఆ కస్టమర్‌ని కూడా."

"అతనేం చేశాడు సార్?"

"ముఠాలో మనిషి కావచ్చు."

"కాకపోతే?"

"కాకపోతే కోర్టు వదిలేస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు." చీఫ్ గొంతు తగ్గించాడు. "ఇంకోటి. రాజోలు వైపు పోవద్దు. మీవాళ్ల కంట పడ్డావంటే మిషన్ క్యాన్సిల్."

శారోన్ తలూపింది. రాజోలులో ఉన్న ఆమె తండ్రి, రిటైర్డ్ హెడ్మాస్టర్ ప్రకాశరావు, కూతురు విశాఖపట్నంలో ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తోందని చర్చిలో అందరికీ గర్వంగా చెబుతుంటాడు.

*

కంప్యూటర్ సెంటర్‌లో ఏసీ చల్లగా ఉంది. అద్దాల గదిలో కూర్చున్న సువర్ణని చూస్తే, అమలాపురంలో సగంమంది కుర్రాళ్లు కంప్యూటర్ కోర్సులో ఎందుకు చేరారో ఇట్టే తెలిసిపోతుంది. ఆకాశం రంగు జరీ చీర, తల మీదకి నెట్టిన నల్ల కళ్లద్దాలు, గదంతా సెంటు వాసన.

"మానిటర్లో పచ్చగీత వస్తోందండీ," అంది శారోన్.

"వానలు పడితే తగ్గిపోద్దండీ," అంది సువర్ణ. కోడ్ సరిపోయింది. ఆమె లేచి తలుపు వేసింది.

"గణపతి పోయాడండీ."

సువర్ణ చెయ్యి బల్ల మీద ఉన్న ఫోటో ఫ్రేమును పట్టుకుంది. అందులో ఎడారి ఇసుకలో నిలబడి నవ్వుతున్న కుర్రాడు. "అయ్యో," అంది. అంతే. ఎలా పోయాడని అడగలేదు.

శారోన్ ఆ సంగతి మనసులో ఒక మూలన పెట్టుకుంది. "ఫోటోలో ఎవరండీ?"

"మా తమ్ముడండి, వీరబాబు. మస్కట్‌లో ఉంటాడు." ఫ్రేమును బోర్లించింది. "మీ కస్టమరు ముక్తేశ్వరంలో ఉన్నాడండి. ఇదిగో మీ ఐడీ కార్డు, టూల్ కిట్టు. బస్సుకెళ్లిపోండి, ఇప్పుడే దొరుకుద్ది."

శారోన్ బయటికి వస్తుంటే కౌంటర్ మీద ఫోను మోగింది. కుర్రాడు అవతలివాళ్ల మాటలు తిరిగి గట్టిగా అప్పజెబుతూ ఫిర్యాదు రాసుకుంటున్నాడు.

"ఎవరండీ? బండారులంక నారాయణమూర్తి గారా? ఆయ్, చెప్పండి... కొత్త డిస్కు నలభై జీబీ అని బిగించి, ముప్పై రెండే చూపిస్తోందాండీ? ... ఇప్పుడసలు ఆన్ కూడా అవట్లేదా?"

శారోన్ అడుగు ఆగలేదు. గణపతి చెప్పిందీ ఆ ముప్పై రెండే. ముక్తేశ్వరం బస్సు ఆమె ఎదురుగానే వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. ఆమె ఆటో ఎక్కింది.

"బండారులంక పోనీ."

*

వీధి మొదటినుంచి చివరిదాకా మగ్గాల చప్పుడు. నారాయణమూర్తి ఇంట్లో నడవా నిండా రంగురంగుల నూలు ఆరబెట్టి ఉంది. ముందుగదిలో బల్ల మీద, పూల గుడ్డ కప్పిన కంప్యూటర్.

"ఆడపిల్లని పంపించేరేంటండీ!" అంటూ నారాయణమూర్తి భార్య కృష్ణవేణి గ్లాసు నిండా మజ్జిగ తెచ్చింది. "ఎండనపడొచ్చేరు. ముందు తాగండి."

నారాయణమూర్తి మెత్తని మనిషి. చీరల అంచులు, కొంగులు డిజైన్ చేయడం ఆయన పని. "మా నాన్నగారు గ్రాఫు కాయితాల మీద గీసిన డిజైన్లండి. చెదలు పట్టేస్తుంటే కంప్యూటర్లోకి ఎక్కించేను. పాత డిస్కు పోయింది, అన్నీ పోయేయి. మిగిలిన కాయితాలు మళ్లీ కూర్చుని ఎక్కించేనండి. ఇప్పుడీ కొత్తది కూడా బిగుసుకుపోయింది. కాయితాలేమో సగానికి సగం పొడైపోయేయి."

అంటూ ఆయన తెర మీద దుమ్ము తుడిచాడు, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు తుడిచినట్టు.

శారోన్ స్విచ్ వేసింది. తెర వెలిగింది. అక్షరాలు పైనుంచి కిందకి పరిగెత్తాయి. డిస్క్‌ని వెతికే చోటికి వచ్చి ఆగిపోయాయి. ఎంతసేపు చూసినా కదలిక లేదు. మూత విప్పి రిబ్బన్ కేబుల్ మార్చింది. అదే వరస. కరెంటు తీగ తీసి గట్టిగా బిగించింది. అదే వరస. డిస్క్‌ని బయటికి లాగి వెనక్కి తిప్పింది. సన్నని పిన్నులు బోసిగా కనిపించాయి.

"ఇక్కడ ఒక చిన్న ప్లాస్టిక్ క్లిప్పు ఉండాలి కదండీ?"

నారాయణమూర్తి తల దించుకున్నాడు. "ముప్పై రెండే చూపిస్తోందంటే మా బావమరిది చెప్పేడండి, అది తీసేస్తే పూర్తి నలభై వచ్చేస్తదని. తీసేనండి. అప్పట్నుంచే ఇలాగ." అగ్గిపెట్టెలోంచి గోరంత నల్ల ముక్క తీసి ఇచ్చాడు.

శారోన్ దాన్ని పిన్నులకి తొడిగి స్విచ్ వేసింది. కంప్యూటర్ బుద్ధిగా లేచింది. ముప్పై రెండు జీబీ. డిజైన్లన్నీ ఉన్నాయి. ఆ ముక్క తీసింది. మళ్లీ బిగుసుకుపోయింది.

అప్పుడు గణపతి నీలం పెదాలు ఆమెకి కనిపించాయి. *కనబడేది ముప్పై రెండే.*

ఈ పాత కంప్యూటర్ పెద్ద డిస్కులని భరించలేదు. అలాంటివాటి కోసం ఆ క్లిప్పు, అంటే జంపర్, ఉంటుంది. అది తొడిగితే డిస్క్ తన సైజు తగ్గించి అబద్ధం చెబుతుంది. మిగతా ఎనిమిది ఉన్నట్టే ఎవరికీ తెలియదు. గణపతి తన దొంగసరుకు ఆ ఎనిమిదిలో దాచాడు.

శారోన్ సంచిలోంచి ఒక ఫ్లాపీ తీసింది. డిపార్ట్‌మెంట్ వాళ్లు ఇచ్చిన ఆయుధాల్లో పేలనిది అదొక్కటే. డిస్క్ కేబుల్ పీకేసి, సెట్టింగ్స్‌లో అసలు డిస్కే లేదని రాసి, మళ్లీ కేబుల్ పెట్టి ఫ్లాపీతో మొదలుపెట్టింది. కంప్యూటర్ కళ్లు మూసుకుంది. ఫ్లాపీ దొడ్డిదారిన వెళ్లి డిస్క్ మొత్తాన్ని చూసింది.

నలభై.

చివరి ఎనిమిదిలో మొదటి బొమ్మ తెరిచింది. నీలిగీతలు. ముక్తేశ్వరం కింద ఒక గీత, అమలాపురం కింద ఒకటి. ఈ వీధి చివర ఒక వాల్వు. ఒక గీత పడమరగా రాజోలు దాకా పోయింది. దాని పక్కనే ఒక చర్చి గుర్తు. ఆ చర్చి గోడ అవతలే ఆమె తండ్రి ఇల్లు. ఈపాటికి ఆయన వసారాలో కూర్చుని పేపరు చదువుతూ ఉంటాడు.

ఆమె బొమ్మ మూసేసింది.

"సువర్ణ మేడమ్ గారు మిమ్మల్ని ముందు పంపించేరాండీ?" అంది కృష్ణవేణి. "ఇందాకే ఫోన్ చేసేరు. చీరలు కొనే దొరగారిని కూడా వెంటబెట్టుకుని తనే వస్తానన్నారు. తను వచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దన్నారు."

శారోన్ గ్లాసు కింద పెట్టింది. అరటి మార్కెట్‌లో కలుస్తామన్న సంగతి చీఫ్‌ని మినహాయిస్తే సువర్ణకి ఒక్కదానికే తెలుసు.

"మీ ఫోను ఒకసారి వాడుకోవచ్చాండీ?"

*

"నాన్నగారూ, చీర దొరికింది," అంది శారోన్ రిసీవర్‌లో.

"పట్టుకొచ్చెయ్," అన్నాడు చీఫ్.

"పెళ్లివారు బయల్దేరిపోయారు. మన సువర్ణ కూడా వాళ్ల బండిలోనే వస్తోంది."

అవతల ఒక బూతుమాట. "మనవాళ్లు అక్కడికి చేరడానికి టైమ్ పడుతుంది. చీర చింపెయ్. సుత్తి తీసుకుని ముక్కలు చెయ్."

శారోన్ కృష్ణవేణి వైపు చూసింది. ఆమె పళ్లెంలో జంతికలు సర్దుతోంది. డిస్క్ ముక్కలై కనిపిస్తే హ్యూగో ఈ ఇంట్లో ఎవర్నీ ప్రాణాలతో వదలడు. అతనికి చెక్కుచెదరని డిస్క్ కావాలి. అది చేతికిస్తేనే గడప దాటి వెళ్తాడు.

"చింపను. అంచు మాత్రం కత్తిరిస్తాను. చీర వాళ్లకే ఇచ్చేస్తాను. కాలువ వంతెన దగ్గర మీరు ఎదురుచూడండి."

ఫోన్ పెట్టేసింది. కృష్ణవేణి నొచ్చుకున్న మొహంతో, "అంచు కత్తిరించేస్తే చీర ఏం బాగుంటదండీ?" అంది.

శారోన్ కీబోర్డు ముందు కూర్చుంది. మొదటి ముప్పై రెండు జోలికి పోకుండా, చివరి ఎనిమిది మీద సున్నాలు రాయమని ఆదేశం ఇచ్చింది. తెర నల్లగా అయిపోయింది. మూలన ఒక్క చిన్న గీత. ఎవరు చూసినా కంప్యూటర్ బిగుసుకుపోయిందనే అనుకుంటారు. ఒక్కటే గుట్టు బయటపెడుతోంది. డబ్బా ముందువైపు ఎర్ర దీపం, డిస్క్ పనిచేస్తోందని చెబుతూ ఆగకుండా మిణుకుమంటోంది.

వీధిలో కారు ఆగిన చప్పుడు.

*

హ్యూగో తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని, చేతులు జోడించి, వచ్చీరాని తెలుగులో "నమస్కారమండీ" అన్నాడు. చంకలో నల్ల గొడుగు. అతని వెనక సువర్ణ. శారోన్‌ని చూసి ఆమె మొహంలో రక్తం ఇంకిపోయింది.

"ట్రబుల్ ఏంటి?" హ్యూగో ఇంగ్లీషులో అడిగాడు.

"మార్చిన డిస్క్. హ్యాంగ్ అయింది సార్," అంది శారోన్.

"విప్పండి. కొత్తది తెచ్చాం."

శారోన్ స్క్రూడ్రైవర్ తీసింది. సరిపోనిది తీసింది. అది పెట్టి ఇంకోటి తీసింది. ఒక స్క్రూ కావాలని డబ్బాలోకి జారవిడిచింది. హ్యూగో ఆమె చేతులకేసి కాదు, మొహంలోకి చూస్తున్నాడు.

"నిన్ను టీ బడ్డీ దగ్గర చూశాను," అన్నాడు నవ్వుతూనే. "పత్రిక తలకిందులుగా చదువుతున్నావు."

గొడుగు కొన మెల్లగా కిందకి దిగి, పళ్లెం పట్టుకుని నిలబడ్డ కృష్ణవేణి పాదం దగ్గర ఆగింది. కొనలో సూది తళుక్కుమంది. ఆ ఇల్లాలికేం తెలుసు! "జంతికలు తీసుకోండి బాబూ," అంటోంది. నారాయణమూర్తి మాత్రం శారోన్ మొహం చూసి ఏదో అర్థమైనట్టు గోడకి ఆనుకుపోయాడు.

"ఇంజినీరుగారూ, తొందరగా," అన్నాడు హ్యూగో. "సువర్ణా, నువ్వు చూడు."

సువర్ణ డబ్బా ముందు వంగింది. ఎర్ర దీపం చూసింది. కంప్యూటర్ సెంటర్ నడిపే మనిషికి దాని అర్థం ఒకరు చెప్పనక్కర్లేదు. తల ఎత్తి శారోన్ కళ్లలోకి చూసింది. తర్వాత కృష్ణవేణి పాదం దగ్గరున్న గొడుగు కొనని చూసింది.

ఒక్క మాట చాలు. *సార్, చెరిపేస్తోంది.*

సువర్ణ కుర్చీ లాక్కుని కూర్చుంది. కొంగు సర్దుకున్నట్టు సర్దుకుని డబ్బా ముందుకి జారవిడిచింది. "హ్యాంగ్ అయినప్పుడు కరెంటు లాగితే డిస్క్ గీరుకుపోద్ది సార్. పద్ధతిగా ఆపుతాను." వేళ్లు కీబోర్డు మీద ఏవేవో అక్షరాలు కొడుతున్నాయి. పల్చని జరీ వెనక ఎర్రచుక్క లీలగా కొట్టుకుంటోంది.

అప్పుడే వీధిలో భోజనాల వేళయింది. మగ్గాలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో డబ్బాలోంచి చప్పుడు. కిర్ర్... టిక్. కిర్ర్... టిక్.

హ్యూగో నవ్వు మాయమైంది. "హ్యాంగ్ అన్నావు. తిరుగుతోందే?"

"హెడ్ ఇరుక్కుంది సార్." సువర్ణ గొంతు వణకలేదు. కణత మీంచి చెమట మాత్రం కారుతోంది. "ఇలా చప్పుడు చేసేవే మాకు వారంటీలో తిరిగొచ్చేది. లోపల సరుకుకేం కాదు."

"చాలు." గొడుగు అక్కడే ఉంచి రెండో చేత్తో ప్లగ్గు పట్టుకున్నాడు.

కిర్ర్... టిక్.

చప్పుడు ఆగింది. కొంగు వెనక ఎర్రచుక్క ఆరిపోయింది. తెర మీద 'డన్' అని ఒక్క మాట మెరిసింది. ఆ వెంటనే హ్యూగో ప్లగ్గు లాగేశాడు. తెర చీకటైంది.

ఆ మాట అతను చూశాడో లేదో శారోన్‌కి తెలియలేదు. డిస్క్ విప్పి చేతికిచ్చింది. అతను లేబుల్ మీద నంబరు సరిచూసుకుని, సంచిలో వేసుకుని, సువర్ణ భుజం పట్టుకుని కారు దాకా నడిపించాడు. కారు కదిలాక కృష్ణవేణి అంది, "చీరలు చూడకుండానే వెళ్లిపోయేరేంటండీ?"

కాలువ వంతెన మీద కొబ్బరికాయల లారీ అడ్డంగా ఆగి ఉంది. హ్యూగో గొడుగు ఎత్తేలోపే నలుగురు అతని మీద పడ్డారు. సూదిలో ఉన్న మందూ, గణపతి రక్తంలో దొరికిన మందూ ఒకటేనని తర్వాత తేలింది.

*

గెస్ట్‌హౌస్‌లో, కాపలా మధ్య, సువర్ణ జరీ చీర నలిగిపోయి ఉంది.

"వాళ్లతో ఎందుకు చేరారు? మళ్లీ ఆ ఎర్ర దీపాన్ని ఎందుకు దాచారు?" అంది శారోన్.

"మా తమ్ముడి పాస్‌పోర్టు వాళ్ల దగ్గరుందండి. చెప్పినట్టు వినకపోతే వాడు జైల్లో కుళ్లిపోతాడన్నారు. గణపతిని బెదిరించి వదిలేస్తామన్నారు, నేను నమ్మేను." నలిగిన జరీని వేళ్లతో సరిచేసింది. "నమ్మినట్టు నటించేనేమో కూడాను. కానీ ఆవిడ జంతికలు పెడతా ఉంటే, కాళ్ల దగ్గర ఆ సూది... ఇంక నా వల్ల కాలేదండి."

మస్కట్‌లోని ఎంబసీకి శారోన్ ఫ్యాక్స్ పంపింది. వీరబాబు ఉండే గదికి తాళం వేసి ఉందని జవాబు వచ్చింది. అంతకుమించి ఏమీ రాలేదు. రోజూ సువర్ణ కళ్లు అదే అడిగేవి, శారోన్ తల అడ్డంగా ఊపేది.

రిపోర్టులో సువర్ణ కొంగు సంగతి శారోన్ రాస్తే చీఫ్ కొట్టేశాడు. "కొంగు సాక్ష్యం కాదు." ఆమె మళ్లీ రాసింది. ఆయన మళ్లీ కొట్టేశాడు. మూడోసారి రాసిన కాగితం మీద, తీసేస్తే రాజీనామా చేస్తానని కూడా రాసింది. చీఫ్ చదివి, కళ్లజోడు తీసి, సంతకం పెట్టాడు. అదే రిపోర్టుతో నారాయణమూర్తి పేరు కూడా ముద్దాయిల్లోంచి పోయింది.

కొన్నాళ్లకి చీఫ్ ఫోన్ చేశాడు. గొంతులో కంగారు.

"శారోన్, ఢిల్లీలో రహస్య కోడ్‌లు విప్పే సైఫర్ సెక్షన్ వాళ్లు ఆ డిస్క్ పట్టుకుని కూర్చున్నారు. చివరి ఎనిమిది ఖాళీయే. కానీ మొదటి భాగంలో పెద్ద కోడ్ ఉందట. వేలకొద్దీ గళ్లు. కొన్ని నింపి, కొన్ని వదిలేసి. మధ్యమధ్య హంసలు, మామిడిపిందెలు. హంస అంటే జలాంతర్గామి అని వాళ్ల అనుమానం. ఎంతమంది కూర్చున్నా విప్పలేకపోతున్నారు."

శారోన్ చాలా రోజుల తర్వాత నవ్వింది.

"ఒక కాపీ బండారులంక పంపించెయ్యమనండి సార్. అది విప్పేది కాదు, నేసేది."